గోడా కప్పూ కలిసే చోట చూడండి: బరోక్‌కూ రొకోకోకూ ఉన్న తేడా

మీ ప్రశ్నలో రెండు భాగాలున్నాయి. వచ్చే వేసవిలో రోమ్, మ్యూనిక్ నగరాలు చూడబోతున్నామనీ, ఫోటోల్లో చూస్తే మాత్రం బరోక్ చర్చికీ రొకోకో చర్చికీ తేడా తెలియడం లేదనీ, రెండింటిలోనూ బంగారు పూత, వంపులు, రెక్కల పసిపిల్లలే కనిపిస్తున్నారనీ రాశారు. రొకోకో అంటే అలంకారం శ్రుతిమించిన బరోక్ అని ఒక పర్యాటక పుస్తకంలో చదివాననీ, అది నిజమేనా అనీ అడిగారు. ఇరవై ఏళ్లకు పైగా వాస్తుకళా చరిత్ర బోధిస్తూ, ఈ కట్టడాల్లో చాలావాటిని మళ్లీ మళ్లీ చూస్తూ వచ్చినవాడిగా నా సమాధానం కొంచెం వివరంగానే చెబుతాను.

ఆ పుస్తకంలోని మాట సరికాదని ముందే చెప్పాలి. అలంకారం ఎంత ఉందని కొలిస్తే ఈ రెండు శైలుల మధ్య తేడా ఎప్పటికీ దొరకదు. లోపలికి అడుగుపెట్టగానే గోడ ఎక్కడ ముగుస్తోంది, కప్పు ఎక్కడ మొదలవుతోంది అని వెతకండి. స్తంభాల తలల మీదుగా గది చుట్టూ ముందుకు పొడుచుకువచ్చి తిరిగే పట్టీ ఒకటి ఉంటుంది. మన మేస్త్రీలు కూడా దాన్ని కార్నిస్ అనే అంటారు. బరోక్ కట్టడంలో ఆ పట్టీ ఎంత వంకరలు తిరిగినా, ఎంత ముందుకు దూకినా, మోసేది ఏది, మోయించుకునేది ఏది అన్న లెక్కను కంటికి చెబుతూనే ఉంటుంది. రొకోకో కట్టడంలో ఆ పట్టీ తెగిపోతుంది, కరిగిపోతుంది, లేదా దాని మీద గడ్డీ చెట్లూ మొలిచి అది నేలగా మారిపోతుంది. అప్పుడు గోడ ఎక్కడ ఆగిందో, బొమ్మ ఎక్కడ మొదలైందో కన్ను తేల్చుకోలేదు. మిగతా తేడాలన్నీ దాదాపుగా ఇందులోంచే వస్తాయి.

బంగారం గుర్తు కాదని చెప్పడానికి రోమ్‌లోనే మంచి ఉదాహరణ ఉంది. క్విరినాల్ గుట్ట మీద రెండు వీధులు కలిసే కూడలిలో సాన్ కార్లో అల్లె క్వాత్రో ఫొంతానె అనే చిన్న చర్చి కనిపిస్తుంది. ఫ్రాంచెస్కో బొరొమీని దీన్ని స్పెయిన్ నుంచి వచ్చిన త్రినిటేరియన్ సన్యాసుల కోసం 1638లో మొదలుపెట్టాడు. లోపలి నిర్మాణం 1641 నాటికి పూర్తయింది, వీధి వైపు ముఖభాగం మాత్రం 1667లో ఆయన చనిపోయిన తర్వాతే ముగిసింది. సెయింట్ పీటర్స్ గుమ్మటాన్ని మోసే నాలుగు దిమ్మెల్లో ఒక్కదాని స్థలంలో ఈ చర్చి మొత్తం పట్టేస్తుందని అక్కడ చెప్పుకుంటారు. ఆ సన్యాసుల దగ్గర డబ్బు తక్కువ. అందుకే గోడల మీద గానీ గుమ్మటంలో గానీ రంగురాళ్ల తాపడం కనిపించదు. దాదాపు అంతా తెలుపు, బూడిద రంగు గచ్చే. అయినా ఇది బరోక్ వాస్తుకు శిఖరం లాంటి కట్టడం.

ఎందుకంటే ఇక్కడ కదిలేది గోడే. గోడలోకి సగం ఒదిగిన పదహారు స్తంభాల మధ్య ఆ గోడ ఒకచోట మీ వైపు ఉబ్బి వస్తుంది, పక్కనే లోపలికి నొక్కుకుపోతుంది. ద్వారం దగ్గర నిలబడి కార్నిస్ వెంట చూపు పోనివ్వండి: అది ఎక్కడా తెగకుండా, అల పొర్లినట్టు లోపలికీ బయటికీ ఒంగుతూ గది చుట్టూ తిరిగి బయలుదేరిన చోటికే చేరుతుంది. దాని పైన నాలుగు కమానులు, వాటి పైన కోడిగుడ్డు ఆకారపు గుమ్మటం. గుమ్మటం లోపలి ముఖమంతా శిలువలు, షడ్భుజాలు, అష్టభుజాలు ఒకదానిలో ఒకటి ఇమిడిపోయేలా చెక్కిన గుంటలు. పైకి పోయే కొద్దీ అవి చిన్నవైపోతాయి గనక గుమ్మటం ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుంది. దాని అడుగున ఉన్న కిటికీలు కింద నిలబడినవాడికి సగం చాటున ఉంటాయి. వెలుగు ఎక్కడి నుంచి వస్తోందో తెలియకుండా గుమ్మటం తనంతట తనే వెలుగుతున్నట్టు, గాలిలో తేలుతున్నట్టు ఉంటుంది. ఇంత చేసినా ఏది గోడ, ఏది కమాను, ఏది గుమ్మటం అన్నది వేలుపెట్టి చూపించగలరు. బొరొమీని రాతి పనివాడిగా జీవితం మొదలుపెట్టినవాడు. బరువు ఎటు దిగుతుందో ఆయన ఒక్క క్షణం కూడా మరచిపోడు.

ఈ శైలి పుట్టుకకు మతపరమైన కారణం ఉంది. ప్రొటెస్టెంట్ ఉద్యమానికి కేథలిక్ చర్చి ఇచ్చిన సమాధానం 1545 నుంచి 1563 వరకు సాగిన ట్రెంట్ మహాసభలో రూపుదిద్దుకుంది. ప్రసంగం అందరికీ వినిపించాలి, బలిపీఠం అందరికీ కనిపించాలి, చూసినవాడి మనసు కరగాలి అన్న పట్టుదల కట్టడాల్లోకీ దిగింది. జెసూట్లు అనే కేథలిక్ మతగురువుల సంఘానికి రోమ్‌లో ఉన్న ప్రధాన చర్చి ఇల్ జెసూ 1568లో వాస్తుశిల్పి విన్యోలా నమూనాతో మొదలై, జాకొమో దెల్లా పోర్తా కట్టిన ముఖభాగంతో 1584లో ప్రతిష్ఠ జరుపుకుంది. పక్కల నడవలు లేకుండా ఒకే వెడల్పాటి మండపం. ఆ నమూనా జెసూట్లతో పాటు ప్రపంచమంతా తిరిగింది. గోవాలో 1594లో మొదలుపెట్టి 1605లో ప్రతిష్ఠించిన బాం జీసస్ బసిలికా కూడా ఆ సంఘానిదే. యూరప్ ప్రయాణం కుదరని మిత్రులు గోవా వెళ్లినప్పుడు అక్కడ సెయింట్ ఫ్రాన్సిస్ జేవియర్ వెండి పేటిక కింద ఉన్న చలువరాతి సమాధి పీఠాన్ని శ్రద్ధగా చూడాలని కోరుకుంటాను. ఫ్లోరెన్స్ శిల్పి ఫొజ్జీని చేసిన ఆ పీఠాన్ని టస్కనీ పాలకుడు మూడో కోసిమో దే మెదిచి కానుకగా పంపగా 1698లో అక్కడ నిలబెట్టారు. అసలు సిసలు ఇటాలియన్ బరోక్ పనితనం మన దేశంలోనే ఉంది.

ఇల్ జెసూ గురించి ఒక జాగ్రత్త అవసరం. ఇప్పుడు లోపల కనిపించే అలంకారంలో చాలా భాగం కట్టిన వందేళ్ల తర్వాత చేరింది. కప్పు మీద గౌల్లి 1676 నుంచి 1679 వరకు వేసిన చిత్రంలో మనుషులు చట్రం దాటి బయటికి పొర్లి వస్తారు. కొందరి నీడ కూడా బంగారు కప్పు మీద పడినట్టే చిత్రించాడు. ఇది నేను చెప్పిన సూత్రానికి విరుద్ధం కదా అని మీకు అనిపించవచ్చు. ఆ చట్రం గట్టిగా, స్పష్టంగా ఉంది గనకే దాన్ని దాటడం మన కంటికి అద్భుతంగా తోస్తుంది. హద్దు ఉండాలి, దాన్ని మన కళ్లెదుటే దాటాలి. బరోక్‌కు ఆ రెండూ కావాలి. సాంత్ ఇగ్నాత్సియో చర్చిలో ఆంద్రెయా పొజ్జో చదునైన గుడ్డ మీద చిత్రించిన గుమ్మటం కూడా అలాంటిదే. నేల మీద చలువరాతి బిళ్లతో గుర్తుపెట్టిన చోట నిలబడితే నిజం గుమ్మటంలా ఉంటుంది, నాలుగడుగులు పక్కకు వేస్తే ఒరిగిపోతుంది. మనిషిని ఫలానా చోట నిలబెట్టి ఫలానా వైపు చూడమని చెప్పే అధికారం ఈ శైలి స్వభావంలోనే ఉంది. బెర్నీని 1656లో మొదలుపెట్టిన సెయింట్ పీటర్స్ చౌకు మీకు ఎలాగూ తెలుసు గనక దాన్ని వివరించను. ఆ 284 స్తంభాలు నాలుగు వరుసల్లో నిలిచి లక్షల మందిని ఒకే దిశకు తిప్పుతాయన్నది మాత్రం ఇక్కడ గుర్తుచేసుకోవాలి.

రొకోకో పుట్టింది చర్చిలో కాదు, పారిస్‌లో పెద్దింటివాళ్లు కబుర్లు చెప్పుకునే గదుల్లో. పద్నాలుగో లూయీ వెర్సాయ్‌లో కట్టించిన అద్దాల మందిరం పొడవు 73 మీటర్లు. పదిహేడు కిటికీలకు ఎదురుగా పదిహేడు అద్దాల కమానులు. అక్కడికి వచ్చినవాడు నడుస్తూ రాజు దగ్గరికి చేరాలి. 1715లో ఆయన చనిపోయాక రాచకొలువు 1722 వరకు పారిస్‌లో నడిచింది. ప్రభువంశాల వాళ్లు నగరంలో సొంత ఇళ్లు బాగుచేసుకోవడం మొదలుపెట్టారు. పదిమంది కూర్చుని మాట్లాడుకునే గదికి రాజసం కంటే హాయి ముఖ్యం. తోటల్లో గుహల్లాంటి గూళ్లకు గవ్వలూ గులకరాళ్లూ అతికే పనిని ఫ్రెంచివాళ్లు రొకాయ్ అంటారు. రొకోకో అన్న పేరు దాన్నుంచే వచ్చింది. ఆ గవ్వ అంచు, ఎడమ కుడి సరిపోలని ఆ వంపు, ఈ గదుల గోడల మీదికి ఎక్కింది.

పారిస్‌లో ఇప్పుడు జాతీయ అభిలేఖాగారానికి చెందిన సుబీజ్ భవనంలో జెర్మెన్ బొఫ్రాన్ 1735 తర్వాతి సంవత్సరాల్లో సిద్ధం చేసిన రాకుమారి గది దీనికి చక్కటి ఉదాహరణ. గది ఆకారం కోడిగుడ్డు లాంటిది, మూలలే లేవు. గోడలకు తెల్లటి చెక్క పలకలు, వాటి మీద సన్నటి బంగారు తీగల్లాంటి చెక్కడం. సరిగ్గా కార్నిస్ ఉండాల్సిన చోట చార్ల్ నాట్వార్ వేసిన, ప్రాచీన గ్రీకు రోమన్ పురాణంలోని సైకీ అనే రాకుమారి కథ చిత్రాలు ఎనిమిది, ఒంపులు తిరిగిన చట్రాల్లో, సగం గోడలో సగం కప్పులో ఉన్నట్టు అమరి ఉంటాయి. గోడ, కప్పు అనే రెండు మాటలు అక్కడ వాడడం కష్టం. అదే భవనం బయటి ముఖం మాత్రం నిండైన స్తంభాలతో గంభీరంగా ఉంటుంది. ఫ్రాన్స్‌లో రొకోకో చాలావరకు లోపలి గదులకే పరిమితం. వీధిలో నిలబడి దాన్ని వెతికితే నిరాశే మిగులుతుంది.

ఇక మీ మ్యూనిక్ సంగతి. ఒకటి తర్వాత ఒకటి వచ్చిన శైలులుగా వీటిని కాలపట్టికలో పెట్టడం ఎంత పొరపాటో తెలుసుకోవాలంటే ఆ నగరంలో ఒకే రోజు రెండు కట్టడాలు చూడాలి. జెండ్లింగర్ వీధిలో అజామ్ అన్నదమ్ములు 1733లో మొదలుపెట్టిన చర్చి ఒకటి. వెడల్పు సుమారు 8 మీటర్లు, పొడవు 22 మీటర్లు. రెండు ఇళ్ల మధ్య ఇరుక్కున్నట్టుంటుంది. లోపల కింది భాగం చీకటిగా, బరువుగా ఉంటుంది. పైన పొడుచుకువచ్చిన కార్నిస్ వెనక దాచిన కిటికీల వెలుగు మాత్రం త్రిత్వ శిల్పం (తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ) మీద పడుతుంది. కింద భూమి, పైన స్వర్గం, మధ్య గీత. ఇది రోమ్ నేర్పిన పాఠం. ఆ అన్నదమ్ములు అక్కడికి వెళ్లి చూసి వచ్చినవాళ్లే.

రెండోది నింఫెన్‌బుర్గ్ ప్యాలెస్ తోటలో ఉన్న అమాలియెన్‌బుర్గ్ అనే వేట విడిది. మ్యూనిక్ రాజధానిగా గల బవేరియా పాలకుడు కార్ల్ ఆల్బ్రెహ్ట్ తన భార్య మరియా అమాలియా కోసం దీన్ని 1734 నుంచి 1739 వరకు కట్టించాడు. అంటే అజామ్ చర్చి పని జరుగుతున్న ఏళ్లలోనే. దీని రూపకర్త ఫ్రాంస్వా క్యువిలియే పారిస్‌లో చదువుకుని వచ్చినవాడు. గచ్చు పని యోహాన్ బాప్టిస్ట్ జిమ్మర్‌మన్‌ది. ఒక్క అంతస్తు. మధ్యలో గుండ్రటి అద్దాల గది, గోడలు లేత నీలం, వాటి మీద అలంకారమంతా వెండి. బంగారంతో శైలిని గుర్తుపట్టలేమని నేను అనడానికి ఇది రెండో సాక్ష్యం. నీలం, తెలుపు బవేరియా రాజవంశపు రంగులు. కిటికీల మధ్యా తలుపుల మధ్యా అద్దాలు ఉండడం వల్ల వెలుగు ఒక వైపు నుంచి రాదు, అన్ని వైపులా తిరుగుతూ ఉంటుంది. ఎక్కడ నిలబడాలని గది మీకు చెప్పదు.

అక్కడ తలెత్తి కార్నిస్ ఉండాల్సిన గీతను చూడండి. అది పైకీ కిందికీ ఊగుతూ పోతుంది. దాని మీద గచ్చుతో చేసిన గడ్డి మొలిచింది, చెట్లు లేచాయి, వాటి కొమ్మల మీంచి పక్షులు గుమ్మటంలోకి ఎగిరిపోతున్నాయి. నీలం గోడ అంటే కింద సరస్సు, ఆ పట్టీ ఒడ్డు, పైనున్న తెల్లటి కప్పు ఆకాశం. కట్టడంలో భాగమైన పట్టీ బొమ్మలో భాగమైపోయిన క్షణం అదే. రొకోకో అంటే ఏమిటని విద్యార్థులు అడిగితే నేను చూపించేది ఆ ఒక్క అంచునే. పక్క గదుల్లో వేట కుక్కలకు గోడల్లోనే అమర్చిన గూళ్లు ఉన్నాయి, వాటి పైన తుపాకులు దాచే బీరువాలు. వాటి చెక్క మీద కూడా నీలి రంగు చిత్రాలే. ఇంటి పైన నిలబడి నెమలి జాతి వేటపక్షుల్ని కొట్టడానికి అరుగు కూడా ఉంది.

చర్చిలో ఈ పద్ధతి ఎంత దూరం పోగలదో చెప్పేది వీస్ చర్చి. మ్యూనిక్‌కు నైరుతిలో, ఆల్ప్స్ పాదాల దగ్గర పచ్చికబయలు మధ్య ఒంటరిగా ఉంటుంది. పాత చెక్క బొమ్మల ముక్కలు కలిపి 1730లో ఊరేగింపు కోసం తయారుచేసిన క్రీస్తు విగ్రహం ఒకటి, తర్వాత ఒక రైతు ఇంటికి చేరింది. 1738లో దాని కళ్లలో నీళ్లు కనిపించాయన్న వార్త పాకి యాత్రికులు వేలల్లో రావడం మొదలైంది. స్టైన్‌గాడెన్ మఠం వాళ్లు డొమినికుస్ జిమ్మర్‌మన్‌ను పిలిచారు. అమాలియెన్‌బుర్గ్‌లో పనిచేసిన యోహాన్ బాప్టిస్ట్‌కు తమ్ముడు. 1745 నుంచి 1754 వరకు పని జరిగింది, మఠం అప్పుల్లో కూరుకుపోయింది. డొమినికుస్ ఆ చర్చి పక్కనే ఇల్లు కట్టుకుని 1766లో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు.

ఈ అన్నదమ్ముల ఊరు వెస్సోబ్రున్ ప్రాంతం. తరతరాలుగా గచ్చు పనే వృత్తిగా బతికిన వందల మంది పనివాళ్లు అక్కడి నుంచి యూరప్ అంతా వెళ్లారు. ఈ సంగతి నాకు చాలా ముఖ్యమనిపిస్తుంది, ఎందుకంటే రొకోకో చర్చిని రాతి పనివాడి కంటికంటే గచ్చు పనివాడి కంటితో చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. వీస్ చర్చి కప్పు రాతితో గానీ ఇటుకతో గానీ కట్టింది కాదు. పైకప్పు దూలాలకు వేలాడే చెక్క చట్రం, దానికి కొట్టిన పట్టీలు, వాటి మీద గచ్చు, దాని మీద చిత్రం. ఇటుకతో వంపు కప్పు వేస్తే అది గోడల్ని బయటికి నెడుతుంది. ఆ నెట్టుడును తట్టుకోవడానికి లావాటి గోడలు కావాలి, కిటికీలు చిన్నవి కావాలి. వీస్‌లో ఆ నెట్టుడు లేదు. కాబట్టే జంటలుగా నిలబడిన సన్నటి తెల్లటి స్తంభాలు సరిపోయాయి, వాటి వెనక గోడలో పెద్ద పెద్ద కిటికీలు తెరవగలిగారు, లోపలంతా వెలుగుతో నిండిపోయింది.

ఆ జంట స్తంభాల పైన కార్నిస్ కోసం చూస్తే, ఒక్కో జంట మీద ఒక్కో ముక్క మాత్రమే మిగిలి ఉంటుంది. ఆ ముక్కకూ పక్క ముక్కకూ మధ్య గీత లేదు. దాని పై నుంచి గవ్వల అంచుల్లాంటి గచ్చు లేచి, చిత్రం హద్దును కమ్మేసి, బొమ్మలోని మబ్బుల్లో కలుస్తుంది. బలిపీఠం వైపు వెళ్తే ఇంకో అడుగు ముందుకు పోయారని తెలుస్తుంది: కమాను ఉండాల్సిన చోట గవ్వ ఆకారపు అలంకారం మధ్యలో కన్నం తెరిచి, దాని గుండా వెనకనున్న వెలుగు కనిపించేలా చేశారు. మామూలుగా అలంకారాన్ని కమాను మోస్తుంది; ఇక్కడ అలంకారమే కమాను. శ్రుతిమించిన బరోక్ అన్న మాట ఎందుకు సరికాదో నేను ఎన్ని వాక్యాలు రాసినా ఆ కన్నం చెప్పినంత బాగా చెప్పలేను.

అక్కడి ఎరుపు, నీలం స్తంభాలు చలువరాయి అనుకుంటారు చాలామంది. జిప్సం పొడిలో జిగురునీళ్లూ రంగులూ కలిపి, చపాతీ పిండిలా పిసికి, వేర్వేరు రంగుల ముద్దల్ని ఒకదానిలో ఒకటి మడిచి, కోసి, స్తంభానికి అద్ది, ఆరాక రాళ్లతో మళ్లీ మళ్లీ నునుపుపెట్టి తయారుచేసే గచ్చు అది. బవేరియాలోనే ఒక పల్లె చర్చిలో మరమ్మతులు జరుగుతున్నప్పుడు అక్కడి వయసు మళ్లిన పనివాడు నా అరచేతిని తీసుకుని స్తంభం మొదలుకు ఆనించాడు. చలువరాయి అయితే చేతికి చల్లగా తగలాలి. అది కొయ్యలా గోరువెచ్చగా తగిలింది. అసలు రాయి తేలేక చేసిన పని అనుకోకండి: ప్రకృతిలో దొరకని నీలం కావాలంటే చేత్తో చేసుకోవాల్సిందే. మీరు మాత్రం ముట్టుకోవద్దు. రోజూ వచ్చే వందల చేతుల తడి ఆ నునుపును తినేస్తుంది.

రెండూ ఒకేచోట కలిసిన కట్టడం కావాలంటే, మ్యూనిక్ నుంచి రైలులో వుర్జ్‌బుర్గ్ వెళ్లి అక్కడి బిషప్పు ప్యాలెస్ చూడండి. ఫిరంగులు, గంటలు పోతపోసే పని నేర్చుకుని, సైన్యంలో ఇంజనీరుగా ఎదిగిన బల్తాజార్ నాయ్‌మన్ దాన్ని 1720 నుంచి 1744 వరకు కట్టాడు. విశాలమైన మెట్ల మండపం మీద నడుమ ఒక్క స్తంభం లేకుండా తేలికపాటి రాతితో కప్పు వేశాడు. దాని మీద టియెపొలో 1752, 1753 సంవత్సరాల్లో నాలుగు ఖండాల చిత్రం వేశాడు. వైశాల్యం 600 చదరపు మీటర్లకు పైమాటే. మెట్లు ఎక్కే కొద్దీ ఒక్కో ఖండం కనబడుతుంది గనక మనిషి నడకను శాసించే బరోక్ పద్ధతి అది. పైకెక్కగానే వచ్చే తెల్ల హాలులో ఆంతోనియో బొస్సీ చేసిన గచ్చు మాత్రం పూర్తిగా రొకోకో: రంగు లేదు, బంగారం లేదు, తెలుపూ బూడిదా తప్ప. 1945 మార్చి 16 రాత్రి బాంబుదాడిలో ప్యాలెస్ పైకప్పు కాలిపోయినా నాయ్‌మన్ రాతి కప్పు కూలలేదు. ఆ తర్వాత వాన నీళ్లకు చిత్రం పాడైపోయేదే. అమెరికన్ సైన్యంలో కళాసంపద రక్షణ చూసే జాన్ స్కిల్టన్ అనే అధికారి కలప సంపాదించి తాత్కాలిక కప్పు వేయించాడు. ఆ చిత్రం కింద నిలబడ్డప్పుడల్లా ఆ ఇద్దరికీ మనసులోనే నమస్కారం పెట్టుకుంటాను.

రొకోకో ఎందుకు ఆగిపోయిందని కూడా క్లుప్తంగా చెప్పాలి. పాంపేయి తవ్వకాలు 1748లో మొదలై పురాతన రోమన్ కట్టడాల మీద మళ్లీ మోజు పుట్టింది. మోసేదీ మోయించుకునేదీ స్పష్టంగా కనిపించాలన్న వాదం పారిస్‌లో బలపడింది. బవేరియాలో 1770లో వచ్చిన ప్రభుత్వ ఆజ్ఞ పల్లె చర్చిల్లో అనవసరపు గచ్చు అలంకారం వద్దని, సరళంగా కట్టమని చెప్పింది. 1803లో మఠాల ఆస్తుల్ని రాజ్యం స్వాధీనం చేసుకున్నప్పుడు స్టైన్‌గాడెన్ మఠం మూతపడింది, వీస్ చర్చిని పడగొట్టే ఆలోచన కూడా నడిచింది. చుట్టుపక్కల రైతులు పట్టుబట్టి దాన్ని నిలబెట్టుకున్నారు. 1983లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

మీ ప్రయాణం విషయానికొస్తే, రోమ్‌ను ముందు పెట్టుకోండి. సాన్ కార్లోలో కనీసం అరగంట కూర్చోండి. అక్కడి కార్నిస్ కంటికి అలవాటు పడితే మ్యూనిక్‌లో అది ఎక్కడ తెగిందో వెంటనే తెలుస్తుంది. వీలైతే చిన్న బైనాక్యులర్స్ దగ్గర పెట్టుకోండి, ఎందుకంటే చూడాల్సినదంతా పాతిక ముప్పై అడుగుల పైనే ఉంటుంది. వీస్‌కు వెళ్లడానికి ఎండ ఉన్న రోజు ఎంచుకోండి. లోపలికి వెళ్లేటప్పుడు ఎదురుగా కప్పు మీద, బలిపీఠం వైపు, తీర్పు రోజు కోసం సిద్ధంగా ఉంచిన ఖాళీ సింహాసనం కనిపిస్తుంది. మధ్యలో ఇంద్రధనుస్సు మీద కూర్చున్న క్రీస్తు. బయటికి రావడానికి వెనక్కి తిరిగినప్పుడు కూడా ఒకసారి తలెత్తండి. ఆర్గన్ అనే పెద్ద సంగీత వాద్యం పైన, మీరు దాటబోయే తలుపుకు సరిగ్గా ఎగువన, యోహాన్ బాప్టిస్ట్ ఇంకో తలుపు చిత్రించాడు: స్వర్గద్వారం, మూసి ఉంది.